వినోద టీచర్ వదులు జాకెట్లు

ఆఁ, ఎక్కడ ఆపాను? వినోద జాకెట్ల దగ్గర కదా! అదే చెబుతున్నా. ఈ పన్నెండేళ్లలో మా వినోద టీచర్ తన ఒంటికి సరిపోయే కొత్త జాకెట్టు ఒక్కటీ తొడగలేదు. మనిషి చూస్తే నలభై నాలుగు కిలోలు, అదీ చేతిలో హాజరు పట్టీ ఉంటేనే. జాకెట్టు చూస్తే లోపల ఇంకో వినోద కాపురం పెట్టొచ్చు.

ముందు నాలుగు పిన్నీసులు, వెనక నాలుగు. స్టాఫ్ రూమ్‌లో ఎవరికి పిన్నీసు కావాలన్నా వినోద దగ్గరికే పోయేవాళ్లం. ఒకటి తీసి ఇవ్వగానే ఆమెకు ఒక భుజం జారేది. చెయ్యెత్తి బోర్డు మీద లెక్క రాస్తుంటే చాక్‌పీసు చేతిలోంచి జారి, జాకెట్టు చేతిలో పడి, నడుము దగ్గర బయటికొచ్చేది. పిల్లలు లెక్క వదిలేసి దానికోసం కాచుకుని కూర్చునేవారు.

హెడ్మాస్టర్ కిషన్ రావు సార్ ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు. "వినోద టీచర్, గిది జాకెటా, షామియానానా?"

"ఉతికితే దగ్గరైతది సార్" అంది వినోద, మొహంలో ఏ భావం లేకుండా.

ఎప్పుడూ అదే జవాబు. రెండు రోజులకు అదే జాకెట్టు కవర్లో పెట్టుకుని మా ఇంటికి వచ్చేది.

"శోభక్కా, ఉతికిన. దగ్గర కాలే. ఆ ఎల్లస్వామి మల్ల తప్పు కుట్టిండు. పారేసుడెందుకు, నువ్వు తొడుక్కో."

"ఆ టైలర్‌ను మార్చరాదే?"

"ముసలోడక్కా, మనసు కష్టపెట్టుకుంటడు."

నేను వినోదకు రెండింతలుంటాను. ఆ జాకెట్టు నాకు కొలిచి కుట్టినట్టు సరిపోయేది. పైగా రంగు నా చీరల్లో ఏదో ఒకదానికి కలిసేది. నా అదృష్టానికి నేనే మురిసిపోయేదాన్ని.

నాకది నిజంగా అవసరమే. పన్నెండేళ్ల కిందట ఒక బట్టల షాపులో సేల్స్‌మన్ మేడ మీదికి కేకేశాడు. "అన్నా, ఈ అమ్మకు డబుల్ సైజుల ఏమన్న ఉన్నదా?" షాపు మొత్తం నావైపు తిరిగింది. పక్కన వినోద ఉంది. ఇక షాపు మెట్లెక్కను, నా ఒంటికి టేపు తగలనివ్వను అని ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. ఆ నెలలోనే ఇద్దరం ట్రైనింగ్‌కు పోయి హాస్టల్లో ఉన్నప్పుడు, దండెం మీద ఆరేసిన నా ఆకుపచ్చ జాకెట్టు మాయమైంది.

"కోతి ఎత్తుకపోయిందక్కా, నేను కండ్లార చూసిన" అంది వినోద. అప్పటినుంచి కనబడ్డ కోతినల్లా తిడుతూనే ఉన్నాను.

ఇక మొన్న బుధవారం, మాతో పనిచేసిన సుగుణ టీచర్ వచ్చింది. ఆదివారం చర్చిలో మనవరాలికి జ్ఞానస్నానం. పాప తల్లి నవ్య నా దగ్గరే అక్షరాలు దిద్దుకుంది.

"చర్చిల దివ్యపూజ అయినంక బిడ్డను ముందుగల్ల నీ చేతులనే పెడ్తదట. నువ్వు రాకుంటె నవ్య ఏడుస్తది, చెప్తాన."

"చర్చికి ఎట్ల రావాలె సుగుణా?"

"భుజాలు, నడుము కప్పుకుంటె చాలు. మేం లేస్తె లెవ్వు, కూసుంటె కూసో. మోకాళ్ల మీద కూసునుడు నీకు మాఫీ."

లేవడం, కూర్చోవడం సరే. పాపను అందుకోవాలంటే చేతులెత్తాలి కదా! పోయినసారి ఒక పెళ్లిలో అక్షింతలు వేయడానికి చెయ్యెత్తితే చంక కింద టర్రుమంది. కొంగు కప్పుకుని, భోజనం కూడా చేయకుండా వచ్చేశాను. అందుకే గురువారం వినోదకు ఫోన్ చేశాను.

"చర్చికి నేను రాను. ఆదివారం నాకు జ్వరం వస్తది."

"ఇయ్యాల గురువారమే గదక్కా!"

నిన్న పొద్దున వినోద క్రీమ్ కలర్ జాకెట్టు తొడుక్కుని వచ్చి చూపించింది. మూసిన మెడ. మోచేతి దాకా ఉండాల్సిన చేతులు ఆమెకు మణికట్టు దాటాయి. సాయంత్రానికే కవర్లో తెచ్చింది. "ఉతికిన. దగ్గర కాలే." దానికి చుక్క నీళ్లు తగల్లేదు, గంజి వాసన ఇంకా పోలేదు. నా ఎర్రంచు చీరకు మాత్రం అతికినట్టుంది. తొడిగి చేతులెత్తి చూశాను. చంకల్లో పట్టేసింది.

ఈరోజు శనివారం. కోపం ఆపుకోలేక, మెడ దగ్గరి లేబుల్ చూసుకుని మట్టెవాడలో ఎల్లస్వామి షాపుకే పోయాను.

"ఏమయ్యా, పన్నెండేండ్ల సంది ఆ సన్నటి వినోద టీచర్‌కు ఒక్కటన్న సక్కగ కుట్టినవా?"

ముసలాయనకు రోషం వచ్చింది. "నేను తప్పు కుడ్తనా? ఆది పెట్టి కుడ్త టీచరమ్మా, దారమంత తేడ రాదు. ఇగో, మేడమ్ కొలతకిచ్చిన ఆది జాకెట్టు!"

మిషన్ కింది మూటలోంచి తీసి నా ముందు పరిచాడు. ఆకుపచ్చ జాకెట్టు. మూడో హుక్కు నల్లదారంతో కుట్టి ఉంది. ఆ వంకర కుట్టు నాదే.

ఎల్లస్వామి జాకెట్టును చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ జాకెట్టును చూశాడు. "ఇది మీదా?"

"నాదే. కోతి ఎత్తుకపోయింది."

"ఏ కోతి?"

"నలభై నాలుగు కిలోల కోతి."

ఆయన పడీపడీ నవ్వాడు. "నా కుట్టు మంచిగ లేదని చెప్పుకుంటాందని తెలిసి ఒకనాడు అడిగిన. 'పెద్దయ్యా, ఒకామె ముందట అట్ల చెప్పక తప్పది, జర ఓర్సుకో' అన్నది."

క్రీమ్ జాకెట్టు ఆయన చేతిలో పెట్టి, "టేపు పెడ్తవా?" అన్నాను.

"టేపెందుకు? లోపల రెండించులు మలిచి పెట్టిన. మేడమే చెప్పింది, 'ఆమె రిటైరైంది, ఇంట్ల కూసుంటాంది, బట్ట ఎక్కువుంచు' అని."

చూశారా! అంత ప్రేమలోనూ ఎంత మాటందో!

పది నిమిషాల్లో కుట్లు విప్పి వదులు చేసి ఇచ్చాడు. ఇంటికొచ్చి తొడిగి, అద్దం ముందు రెండు చేతులూ ఆకాశానికెత్తాను. ఎక్కడా పట్టలేదు. రేపటి జ్వరం రద్దు.

ఇదిగో, ఇప్పుడు వినోదకు ఫోన్ చేయబోతున్నాను. ఎల్లస్వామి ఊసెత్తను. పాత ఆది ఇక నాకు పట్టదు కదా, ఒక్క మాట చెప్పి పెట్టేస్తాను. "వినోదా, సోమవారం ఈ క్రీమ్ జాకెట్టు ఉతికి దండెం మీద ఆరేస్త. కోతి అటు దిక్కు కనబడితే జర పంపియ్."