జయమ్మ నోట అంజయ్య పేరు

ఏడవడానికి కూడా మనిషిని పిలుచుకుంటారా అని కొత్త కాలనీల వాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. దేవరయాంజాల్ చుట్టుపక్కల ఎవరింట్లో మనిషి పోయినా ముందు చుట్టాలకు ఫోన్లు వెళ్తాయి, ఆ వెంటనే జయమ్మకు కబురు వెళ్తుంది. అట్లాగని కూలికి ఏడ్చే మనిషి అనుకునేరు, ఆ మాట ఆమె చెవిన పడితే చీపురు తిరగేస్తుంది. జయమ్మ వస్తుంది, శవం తల దగ్గర కూర్చుంటుంది, కొంగు నెత్తిమీదికి లాక్కుని రాగమెత్తుతుంది. పోయిన మనిషి ఏం తినేవాడు, ఎవరిని తిట్టేవాడు, ఏ పెళ్ళిలో అలిగి వచ్చేశాడు, అన్నీ ఆ రాగంలోకి వచ్చేస్తాయి. అప్పటిదాకా ప్లాట్ల పంపకం గురించి మూల నిలబడి గుసగుసలాడుతున్న కొడుకులు కూడా గోడకు తల ఆనించి బావురుమంటారు. ఏడిస్తే జయమ్మే ఏడవాలి అని ఊళ్ళో పేరు.

అట్లాంటి జయమ్మ మూడేళ్ళుగా నోరు తెరవలేదు.

కారణం ఊరందరికీ తెలుసు. ఆమె భర్త అంజయ్య శామీర్‌పేట వైపు ద్రాక్షతోటల్లో తీగలు కత్తిరించే పనిమంతుడు. తోటలు పోయి ప్లాట్లు వచ్చాక అదే నేల మీద కాపలా కూర్చున్నాడు. మాట తక్కువ మనిషి. ఎప్పుడు ఫోన్ చేసినా "ఇగ వస్తున్న" అని ఒకే మాట, ఆ వచ్చేది గంట తర్వాతే. కరోనా రెండోసారి ఊరి మీద పడ్డప్పుడు అంబులెన్సు ఎక్కి పోయాడు. ఆరో రోజు ఫోన్ చేసి "ఇగ వస్తున్న" అన్నాడు. రాలేదు. ప్లాస్టిక్ బట్టలు తొడుక్కున్న నలుగురు, ముక్కూ మొహం తెలియని నలుగురు, ఆయన్ను కాల్చి వచ్చారట. జయమ్మకు మొహం కూడా చూపించలేదు. శవం లేదు, తల దగ్గర కూర్చునే చోటు లేదు, ఇరుగుపొరుగు గడప దాటి రాలేదు. ఎవరికని రాగమెత్తుతుంది?

ఆ తర్వాత కబురొచ్చినప్పుడల్లా వెళ్ళేది. కొంగు నెత్తికి లాక్కునేది. గొంతు పెగిలేది కాదు. లేచి వచ్చి నర్సరీలో మొక్కల సంచులకు ఎర్రమట్టి నింపే పనిలో కూర్చునేది. "నా ఇంటాయినకు ఏడ్వని నోటితోని మందికెట్ల ఏడుస్త?" అని ఒకసారి కూతురితో అంది. కళ్ళలో నీళ్ళు కూడా లేవు. చూసి కూతురికే భయమేసింది.

ఆ కూతురు సృజన సినిమాల్లో బట్టల విభాగంలో పని చేస్తుంది. అదుగో, అక్కడి నుంచే వచ్చింది కథంతా. లిఖిత అనే అమ్మాయి తన మొదటి సినిమా తీస్తోంది. తల్లిదండ్రులది కోస్తా, పుట్టి పెరిగింది అల్వాల్లో. చేతిలో డబ్బు లేక, తెలిసినవాళ్ళతోనే తీసింది. హీరోయిన్ నుంచి డప్పులాయన దాకా అందరిదీ హైదరాబాదే. సినిమాలో బక్కయ్య అనే తండ్రి చనిపోతాడు. ఆయన చెల్లెలు శవం మీద పడి ఏడవాలి. చిత్రీకరణ అయిపోయింది, ఏడుపు మాత్రం కుదరలేదు. చక్కగా పాడే గాయనులు ముగ్గురు వచ్చి పాడిపోయారు. బాగానే పాడారు. పాటలాగే ఉంది.

"మా అమ్మ ఉంది మేడమ్, కాని పాడుతుందో లేదో చెప్పలేను" అంది సృజన.

జయమ్మ మొదట ససేమిరా అంది. తర్వాత ఆమే ఆలోచించుకుంది. నిజంగా సచ్చినోళ్ళెవరూ లేరు గద, గొంతు రాకపోయినా పాపం తగలదు. సరే పదమంది.

సంగీతం చేసే హేమచంద్ స్టూడియో మచ్చ బొల్లారంలో వాళ్ళ ఇంటి పై అంతస్తులోనే. జయమ్మ గేటు దాకా వచ్చి టక్కున ఆగిపోయింది. లోపల హేమచంద్ తల్లి పార్వతీదేవి కరివేపాకు కోస్తోంది. డెబ్బై దాటిన మనిషి, నుదుట రూపాయంత బొట్టు.

"గీ ఇంట్ల నేను ఏడ్వ" అంది జయమ్మ.

హేమచంద్ మెట్లు దిగి వచ్చాడు. "చప్పుడు బయటికి రాదమ్మా. గోడలకు మందంగా పరుపులు వేయించాను."

"పరుపులెయ్యి, పందిరెయ్యి సారూ. గోడకు వినవడకుంటే ఏంది, గడపకు తెల్వదా? పెద్దముత్తైదువ తిరిగే ఇల్లు. సావు లేని ఇంట్ల శోకం పెట్టద్దు. మా అత్త చెప్పింది."

హేమచంద్‌కు చిరాకేసింది. పార్వతీదేవి మాత్రం కరివేపాకు కొంగులో పోసుకుని దగ్గరికి వచ్చింది. "నా క్షేమం చూసుకునే మనిషిని గేటు బయట నిలబెడతావేరా? మీరు లోపలికి రండమ్మా. ఏడవొద్దు, కాఫీ తాగండి."

కాఫీ తాగుతూ జయమ్మ లిఖితను ఆరా తీసింది. "సచ్చినాయిన ఎవరు బిడ్డా?"

"బక్కయ్య అని, మంచివాడమ్మా. రైతు."

"ఏం తింటుండె?"

లిఖిత తెల్లమొహం వేసింది. "అదీ... రాసుకోలేదు."

"కోపమొస్తే ఏమంటుండె? దేనికి భయపడుతుండె? ఎవరితోని మాట్లాడకపోతుండె?"

"మంచివాడని మాత్రమే రాశానమ్మా."

"ఓయమ్మ! మంచోడంటే ఎట్ల ఏడుస్తరు బిడ్డా? మంచోన్ని మూన్నాళ్ళల్ల మర్చిపోతరు. తిక్కలోడే యాదికొస్తడు." జయమ్మ గ్లాసు కింద పెట్టి తానే మొదలెట్టింది. "రాస్కో. ఉల్లిగడ్డ లేంది ముద్ద దిగదు. ఉరుమంటే పానం పోతది, తలుపేసుకుంటడు, పెండ్లాం బయటున్నదా లోపలున్నదా సూడడు. కత్తెరకు పూసే కొబ్బరినూనెనే నెత్తికి పెట్టుకుంటడు. చెప్తే వినడు."

లిఖిత గబగబా రాసుకుంది. ఆ వివరాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో సృజనకు తెలుసు.

ఇంట్లో కాదన్నాక మరెక్కడ? జయమ్మే చెప్పింది, శామీర్‌పేట దగ్గర ఒక పాత ద్రాక్షతోట ఉంది, తీగలు ఎప్పుడో పోయాయి, పందిరికి పాతిన రాతి కడీలు మాత్రం మిగిలాయి, అక్కడ ఎవరి గడపా లేదు. అది అంజయ్య ఆఖరున కాపలా ఉన్న చోటని మాత్రం చెప్పలేదు. ఆదివారం దగ్గర్లోని వైమానిక దళం విమానాల మోత తక్కువని ఆ పొద్దున్నే వెళ్ళారు. హేమచంద్ మైకులు నిలబెట్టాడు. జయమ్మ ఒక కడీ పక్కన నేల మీద కూర్చుని కొంగు లాక్కుంది.

చాలాసేపు ఏమీ రాలేదు. దూరంగా రింగు రోడ్డు మీద లారీల హోరు. హేమచంద్ రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. లిఖిత సైగ చేసింది, ఆగమని. అప్పుడు సన్నగా మొదలైంది. "ఓ బక్కన్నా..." అని రెండు వరుసలు నడిచాయి. ఉల్లిగడ్డ వచ్చింది, ఉరుము వచ్చింది. గొంతు జీరపోయి, తెగిపోతుందేమో అన్నంతలో ఒక్కసారిగా లేచింది.

*కత్తెరకు నూనె పెట్టి కడీ మీద పెడితివి*
*ఎండిపాయె కత్తెర, ఎవలు పెడుదురు నూనె?*
*ఇగ వస్తున్ననంటివి, ఏ తొవ్వల ఉన్నవయ్యా?*
*తలుపు దగ్గరికేసి కూసున్న నేను*
*అంజయ్యా... ఓ అంజయ్యా...*

సృజన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో అమ్మ నాయిన పేరెత్తడం ఆమె ఎన్నడూ వినలేదు. "ఓయ్" అనేది, "సృజన నాయినా" అనేది, రేషన్ కార్డు దగ్గర పేరడిగితే కూతురి వైపు చూసేది. మొగుడి పేరు నోట పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని నమ్మిన మనిషి. ఇప్పుడు ఆ పేరే పట్టుకుని, మళ్ళీ మళ్ళీ పిలుస్తూ, రాతి కడీని రెండు చేతులా వాటేసుకుని, మూడేళ్ళ ఏడుపు ఏడ్చింది. హేమచంద్ చెవుల మీది హెడ్‌ఫోన్లు తియ్యకుండానే కళ్ళు తుడుచుకున్నాడు.

అయిపోయాక జయమ్మ నాలుక కరుచుకుంది. "తప్పయింది బిడ్డా. గాయిన పేరు అనేసిన. మీ బక్కయ్య పేరు రాలే."

"పర్వాలేదమ్మా. కాసేపాగి ఇంకోసారి పాడండి" అన్నాడు హేమచంద్.

"ఒక్క పీనుగకు ఒక్కపారే సారూ. ఆయన ఎల్లిపోయిండు. మల్ల పిలిస్తే రాడు." కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "మీ సినిమ ఖరాబు జేసిన. మాఫ్ చెయ్యుండ్రి."

స్టూడియోకు తిరిగొచ్చాక హేమచంద్ ఒక ఉపాయం చెప్పాడు. బక్కన్న అన్నవి మొదట్లో రెండే వరుసలు, కోసేద్దాం. అంజయ్య పేరొచ్చిన చోటల్లా కూడా కోసేసి మిగిలింది వాడుకుందాం. కోసి వినిపించాడు కూడా. లిఖిత రెండు నిమిషాలు విని ఆపెయ్యమంది. "పేరు తీసేస్తే మనిషి పోయాడు, హేమచంద్ గారూ. పాట కొయ్యొద్దు. బక్కయ్యనే తీసేద్దాం. సినిమాలో తండ్రి పేరు అంజయ్య."

"మీకేమన్నా మతి పోయిందా? సినిమా అంతా అయిపోయింది. బక్కయ్య పేరు పదకొండు చోట్ల ఉంది. ఐదుగురు నటులు. ఒక్క మాట కోసం ఐదుగుర్నీ పిలిచి మళ్ళీ డబ్బింగు చెప్పిస్తారా?"

"ఐదుగురిదీ ఈ ఊరే కదా!" అంది లిఖిత.

ఆ మాట నిజమే. ఒకరు ముంబైలో, ఒకరు చెన్నైలో ఉంటే ఒక్క మాట కోసం ఎవరొస్తారు చెప్పండి. ఆ పై ఆదివారం ఒక్కొక్కరూ మచ్చ బొల్లారం దారి పట్టారు. హీరోయిన్ ఇషిత నగరం ఆ కొస నుంచి రెండు గంటలు ట్రాఫిక్‌లో పడి వచ్చి, లోపలికెళ్ళి "నాన్న పేరు అంజయ్య" అని ఒక్క ముక్క చెప్పి బయటికొచ్చింది. నాటకాల నుంచి వచ్చిన వీరభద్రం గారు, సినిమాలో ఆ తండ్రికి అన్న, కీసర నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. ఆయన మైకు ముందుకు వెళ్ళకుండా, పార్వతీదేవి పక్కన కూర్చున్న జయమ్మ దగ్గరికి వెళ్ళారు.

"ఏమ్మా, ఆయన్ను సొంత అన్న ఎట్ల పిలుస్తుండె?"

"అంజిగా అంటుండె."

ఆయన "అంజిగా" అనే చెప్పారు. సినిమాలో అక్కడ జాగ్రత్తగా చూస్తే వీరభద్రం గారి పెదవులు పాత పేరులోని 'బ' కోసం ముందు కలుసుకుంటాయి, వినబడే మాటకు పెదవులు కలవనక్కర్లేదు. హేమచంద్‌కు ఆ తేడా ఇప్పటికీ ముల్లులా గుచ్చుతుంది. గుచ్చనివ్వండి.

జయమ్మ ఆ రోజు గిన్నెడు సర్వపిండి రొట్టెలు కాల్చి తెచ్చింది. వచ్చిన ఐదుగురికీ దగ్గరుండి తినిపించింది. "ఎవలు కన్న బిడ్డలో, నా ఇంటాయిన పేరు పలకనీకి పనులిడిసి వచ్చిన్రు" అని పార్వతీదేవి చెయ్యి పట్టుకుని చెప్పుకుంది. పార్వతీదేవి, "ఇప్పుడు ఈ ఇంట్లో ఏడ్చినా నాకేం కాదు జయమ్మగారూ" అని ఏడిపించింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

సినిమా మేడ్చల్లో విడుదలైంది. సృజన తల్లిని మధ్యాహ్నం ఆటకు తీసుకెళ్ళింది. పెద్దగా జనం ఉండరనుకుంది గాని, ఎట్లా తెలిసిందో ఏమో, దేవరయాంజాల్ నుంచి ఆటోలు కట్టుకుని వచ్చారు. అంజయ్య పోయినప్పుడు తలుపులు బిడాయించుకున్న ఇరుగుపొరుగే. వాళ్ళను చూసి జయమ్మ మొహం తిప్పుకోలేదు. అప్పుడందరికీ ప్రాణభయమే కదా.

తెర మీద పాడె లేచింది. చుట్టూ ఊరు ఊరంతా ఉంది. జయమ్మ గొంతు హాలంతా నిండింది. ఇగ వస్తున్ననంటివి, ఏ తొవ్వల ఉన్నవయ్యా... ఎక్కడో వెనక వరుసలో ఒక మగాయన వెక్కి వెక్కి ఏడ్వడం మొదలెట్టాడు. తర్వాత పక్కవాళ్ళు. పేరు వచ్చేసరికి హాల్లో ముక్కు చీదని మనిషి లేడు. ఆనాడు నలుగురే ఉన్న చావుకు ఈనాడు ఇంతమంది వచ్చారు. జయమ్మ వెనక్కి తిరిగి, ఆ చీకట్లో తడిసిన మొహాలను ఒక్కొక్కటే చూస్తూ కూర్చుంది. ఊరివాళ్ళు పోను మిగిలినవాళ్ళెవరూ ఆమెకు తెలియదు, ఆమె వాళ్ళకు తెలియదు.

పక్క సీట్లో ఎవరో కాలనీ ఆవిడ కళ్ళు ఒత్తుకుంటూ ఆమె వైపు తిరిగింది. "పాపం, అంజయ్య. మీకు ఏడుపు రావట్లేదా అమ్మా?"

"నేను ఏడ్చిన బిడ్డా. అయిపోయింది," అంది జయమ్మ. ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "మీరందరు ఏడుస్తున్నరు గద, నాకు గంతే చాలు. మీ కడుపులు సల్లగుండ."

ఆవిడకు అర్థం కాలేదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.