‘ఎక్కినవా?’ అని అడిగే డ్రైవరు

మా ఎదురింటి అంకుల్ పోయిన నెల ఒక సోమవారం పొద్దున దవాఖానలో చనిపోయారు. చర్చిలో ఆయన గురించి చదివిన కాగితంలో ముప్పై ఒక్క ఏళ్ళు ఒక్క ప్రమాదం లేకుండా బస్సు నడిపారని, ఆదివారం పూజకు ఎన్నడూ ఆలస్యం కాలేదని రాసి ఉంది. రెండూ నిజమే. ఆస్ట్రేలియా మాట అందులో లేదు. ఆఖరున ఆయన అడిగిన ప్రశ్న కూడా లేదు. ఆ ప్రశ్న ఎందుకు అడిగారో ఆ గదిలో ఉన్నవాళ్ళకు తెలియదు. తలుపు బయట ఉన్న నాకు తెలుసు. అయినా నేను జవాబు చెప్పలేదు. అందుకని ఇది రాస్తున్నాను.

ఆంటీ ఆయన పనిచేసిన డిపోలోనే కండక్టరు. నేను బడికి వెళ్ళిన ఏళ్ళన్నీ కాజీపేట నుంచి వరంగల్ వెళ్ళే సిటీ బస్సులో ఆయన ముందు, ఆమె వెనుక. ఆమె గొంతుకు తట్టుకునే డ్రైవరు ఇంకొకరు దొరకక తనను వేశారని అంకుల్ అనేవారు. డ్యూటీలో ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకునేవారు కాదు. నడుస్తున్న బస్సులో డ్రైవరుతో మాట్లాడరాదని ఆయన తలపైన రాసి ఉండేది. ఆంటీ ఆ నియమం నుంచి తనకు కూడా మినహాయింపు ఇచ్చుకోలేదు. బస్సు ఆగాలంటే వెనుక రేకు మీద ఒక దెబ్బ, కదలాలంటే రెండు. అంతటితో సరి.

నేను కాన్వెంటులో చేరిన కొత్తలో బస్సులో ‘ఆపండి’ అని అరవలేకపోయేదాన్ని. లేచి నిలబడేదాన్ని, గొంతు వచ్చేది కాదు. రెండు రోజులు బడి దాటిపోయి, తర్వాతి స్టాపులో ఎవరో దిగుతుంటే దిగి, వెనక్కి నడిచి వచ్చాను. సిస్టర్ గారు గుమ్మం దగ్గర నిలబెట్టారు. మూడో రోజు బస్సు సరిగ్గా కాన్వెంటు గేటు ముందు ఆగింది.

వెనుక నుంచి ఆంటీ అరిచారు. “నేను కొట్టలె గదా! ఎవలు దిగుతాన్రని ఆపినవ్ డ్రైవర్ సాబ్?”

“అద్దంల పిల్ల నిలబడ్డది,” అన్నారు అంకుల్, తల తిప్పకుండా. “నోరు లేకుంటేంది, కాళ్ళున్నయి గద.”

బస్సంతా నవ్వింది. నేను దిగాను. ఆ తర్వాత పదో తరగతి దాకా నేను ఎన్నడూ అడగలేదు, ఆయన ఎన్నడూ దాటిపోలేదు. అద్దంలో చూడకుండా పోయేటోడు డ్రైవరు కాదని, ముందటికి పోయేటోడు మాత్రమేనని ఆయన అనేవారు.

వాళ్ళకు పిల్లలు లేరు. ఆంటీ రిటైరైన మరుసటి ఏడు ఇద్దరూ ఆస్ట్రేలియా వెళ్ళారు. ఆంటీ చెల్లెలు డార్విన్‌లో నర్సు. ఆమెకు జీపు లాంటి పెద్ద బండి, దాని వెనుక తగిలించి లాక్కెళ్ళే క్యారవాను ఉన్నాయి. క్యారవాను అంటే చక్రాల మీద గది. రెండు పడకలు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్. అక్కడ రిటైరైన దంపతులు అలాంటిది తగిలించుకుని నెలల తరబడి తిరుగుతారట. డార్విన్ నుంచి పడమటి సముద్రం ఒడ్డున ఉన్న బ్రూమ్ దాకా వెళ్ళాలని వీళ్ళు అనుకున్నారు. బ్రూమ్‌లో చెల్లెలి స్నేహితులకు బండి అప్పజెప్పి విమానమెక్కాలి. వెళ్ళిన దారినే మళ్ళీ వెనక్కి రాకపోవడమే ఆంటీకి కావలసింది.

“పొద్దుగాల కాజీపేట, ఇంకో గంటకు వరంగల్, మల్ల కాజీపేట. ముప్పై ఏండ్లు గిదే,” అన్నారు ఆమె. “ఒక్కపారన్న మల్లి రాని ట్రిప్పు కొట్టాలె.”

వెళ్ళేముందు అక్కడి రోడ్డు నియమాల పుస్తకం నేను చదివి తెలుగులో చెప్పాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. అక్కడ కూడా మనలాగే ఎడమవైపు నడుస్తారని మొదటి పేజీలోనే ఉంది. “ఇగ ఫికర్ లేదు,” అని అంకుల్ లేచి చాయ్ పెట్టుకొచ్చారు. కంగారూల గురించి, మూడేసి బోగీలు లాగే లారీల గురించి, నదులు రోడ్డు మీదకు వచ్చే వానకాలం గురించి తర్వాత చదివాను. అన్నీ విని, “మన దగ్గర బర్రెలు లేవా,” అన్నారు.

ఆ ప్రయాణంలో జరిగింది తిరిగొచ్చిన వారం తర్వాత వాళ్ళ వరండాలో ఆయనే చెప్పారు. చుట్టుపక్కల వాళ్ళం పదిమందిమి ఉన్నాం. అందరూ కంగారూ కథ కోసం వచ్చారు.

బండిలో ఆంటీ ముందు సీట్లో కూర్చునేవారు కాదట. అక్కడ కూర్చుంటే డ్యూటీ ఎగ్గొట్టినట్టుంటుందని వెనుక సీట్లో, ఎడమ కిటికీ పక్కన కూర్చునేవారు. ఎప్పటిలాగే మాటలు లేవు. గంటకోసారి ఆయన భుజం మీదుగా చెయ్యి వెనక్కి చాపితే, ఆమె అందులో తినడానికి ఒక చెక్క పెట్టేవారు. బయలుదేరేముందు ఆమె క్యారవాను చుట్టూ తిరిగి మెట్టు మడిచి, గ్యాసు కట్టేసి, కొక్కెం లాగి చూసి, వెనుక రేకు మీద రెండు దెబ్బలు కొట్టి, వచ్చి ఎక్కేవారు. సాయంత్రాలు క్యారవాన్లు నిలిపే చోట ఆయన వెనక్కి పెడుతుంటే ఆమె నడుము మీద చెయ్యి వేసుకుని, “రానీ… రానీ… రానీ… హోల్డాన్!” అని అరిచేవారట. పక్క క్యారవాన్ల వాళ్ళు కుర్చీలు ఇటు తిప్పుకుని చూసి చప్పట్లు కొట్టేవారట.

పన్నెండో రోజు, రోడ్డు పక్కన రెండు బల్లలు, ఒక నీళ్ళ ట్యాంకు ఉన్న చోట ఆగి అన్నం తిన్నారు. ఎర్రమట్టి, మనిషి కంటే ఎత్తు చెదపుట్టలు. ఇంకేమీ లేదు. తిన్నాక ఆంటీ గిన్నెల సంచి వెనుక సీట్లో పెట్టి తలుపు వేశారు. చుట్టూ తిరిగి అన్నీ చూసి రెండు దెబ్బలు కొట్టారు. అప్పుడు బల్ల మీద మర్చిపోయిన నీళ్ళ క్యాను కనబడింది. దానికోసం వెళ్ళారు. అంకుల్‌కు తలుపు చప్పుడు వినబడింది, రెండు దెబ్బలు వినబడ్డాయి. సిటీ బస్సులో రెండు దెబ్బలు కొట్టిన కండక్టరు కదిలే బస్సు ఎక్కుతుంది. ఆ పాత అలవాటు కొద్దీ ఆయన గేరు వేశారు.

“మరి అద్దం?” అని మా నాన్న అడిగారు.

“క్యారవాను తగిలిచ్చినంక నడిమి అద్దంల తెల్ల గోడే కనబడతది అన్నా,” అన్నారు అంకుల్. “పక్క అద్దాలల్ల ఎర్ర దుమ్ము. నా సర్వీసుల మనిషిని ఇడిసిపెట్టి పోలె. ఆ దినం పోయిన.”

“నేను ఒర్రుకుంట ఉరికిన,” అన్నారు ఆంటీ. “డిపో మొత్తం ఇనే గొంతు గది. ఈయనకు ఇనబడలె. ఏసీ ఏసుకున్నడు మారాజు.”

గంట తర్వాత ఆయన చెయ్యి వెనక్కి చాపారు. చేతిలో ఏమీ పడలేదు. నిద్రపోయిందనుకుని కొంతసేపు అలాగే చాపి ఉంచారు. తర్వాత తల తిప్పి చూశారు.

ఫోను పనిచేసే చోటు కాదు. బండి తిప్పాలి. సన్నటి రోడ్డు, రెండు పక్కలా కాలువలాంటి పల్లం. ‘రానీ రానీ’ అనే మనిషి లేకుండా క్యారవానును వెనక్కి తిప్పడం ఆయనకు చేతకాలేదు. రెండుసార్లు ప్రయత్నించి, అది అడ్డం తిరగబోతే మానేశారు. వెడల్పు చోటు దొరికే దాకా ఆమెకు ఇంకా దూరంగానే పోవలసి వచ్చింది. ఈ మాట దగ్గర ఆయన ఆగి, గ్లాసులో లేని చాయ్ తాగారు.

మిగిలింది ఆంటీ చెప్పారు. ఆమె నీళ్ళ క్యాను పక్కన పెట్టుకుని బల్ల మీద కూర్చున్నారు. చాలాసేపటికి ఒక ముసలి తెల్ల జంట వచ్చి ఆగింది. తమ బండిలో ఎక్కమన్నారు. ఆమె ఎక్కలేదు.

“మై డ్రైవర్ ఈజ్ కమింగ్ అన్న. ఇంక వాళ్ళు నన్ను ఏ జమీందారు పెండ్లామో అనుకున్నరు. బిస్కెట్లు పెట్టిన్రు, గొడుగు పట్టిన్రు!”

“నన్ను జూసి ఆ ముసలామె ఇంగ్లీషుల తిట్టుడు తిట్టుడు గాదు,” అన్నారు అంకుల్. “డ్రైవరు నౌకరీ ఊడగొట్టుమని ఈమెకు చెప్పింది.”

అందరూ నవ్వారు. నవ్వులు తగ్గాక ఆంటీ మామూలు గొంతుతో చెప్పారు. బండి దిగిన ఆయన తన దగ్గరకు రాలేదట. టైరు పక్కన నేల మీద కూర్చుండిపోయారట. “చెల్లెకు బండి ఇచ్చేసి ఇంటికి పోదాం. నాతోని కాదు,” అన్నారట.

“మరి మీరేమన్నారు?” అని ఎవరో అడిగారు.

“మూడు గంటలు లేటున్నవ్, లే అని చెప్పిన. ట్రిప్పు నడుమల దించుతవా నన్ను? నా టికెట్ బ్రూమ్ దాకున్నది.”

ఆయన లేచారు. ఆమె వెనుక సీట్లో కూర్చున్నారు. ఆయన తాళం తిప్పి, గేరు వేయకుండానే, “ఎక్కినవా?” అని అడిగారు. బండిలో ఆయన ఆమెతో మాట్లాడడం అదే మొదలు. “ఎక్కిన,” అన్నారు ఆంటీ. అప్పుడు కదిలించారు. బ్రూమ్ దాకా ప్రతి మలుపు దగ్గరా, ప్రతి పెట్రోలు బంకు దగ్గరా అదే ప్రశ్న, అదే జవాబు.

వరంగల్ వచ్చాక కూడా అది పోలేదు. పొద్దున ఆరుంపావుకు స్కూటరు మీద పూజకు వెళ్ళేటప్పుడు “ఎక్కినవా?” “ఎక్కిన.” మా అమ్మ ఆ మాట విని పాలు పొయ్యి మీద పెట్టేది. ఎనుమాముల మార్కెట్టుకు మిరపకాయలు కొనడానికి ఆటోలో వెళ్ళినా, నడిపేది తాను కాకపోయినా, అడిగేవారు. ఒకసారి ఒక షాపులో లిఫ్టు తలుపు మూసుకోబోతుంటే అడ్డంగా చెయ్యి పెట్టి అడగడం నేను చూశాను. ఆంటీ ఆయన పక్కనే ఉన్నారు.

“కండ్లు కనబడ్తలేవా?” అన్నారామె.

“కనబడుడు కాదు. నువ్వు చెప్పాలె.”

“ఎక్కిన తండ్రీ, ఎక్కిన.”

నాకు అప్పుడు అది కొంచెం ఎక్కువ అనిపించింది. జవాబు వచ్చేదాకా ఆయన ముఖం చూసి ఉంటే అలా అనిపించేది కాదు.

జబ్బు ఎక్కువ రోజులు లేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మూడు రోజులు ఐసీయూలో ఉన్నారు. లోపలికి ఒక్కరినే, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పంపేవారు. నేను పనిచేసే లైబ్రరీలో సెలవు పెట్టి ఆంటీకి తోడుగా ఉన్నాను. ఆదివారం మధ్యాహ్నం ఆమె మందుల కోసం కిందికి వెళ్ళారు. తలుపు తీసుకుని ఒక నర్సు వచ్చింది.

“మీ పేషెంటు ఏదో అడుగుతాండు. ఎక్కినవా, ఎక్కినవా అంటాండు. ఏందది?”

నాకు తెలుసు. ‘ఎక్కింది అని చెప్పండి’ అంటే చాలు. లేదా ఒక్క నిమిషం నన్ను లోపలికి పంపమని అడగవచ్చు. ఆమె మంచిదే, పంపేదేమో. నేను లేచి నిలబడ్డాను. గొంతు రాలేదు. చివరికి, “ఆంటీ కిందికి వెళ్ళారు, వస్తారు,” అన్నాను. ఆమె తల ఊపి లోపలికి వెళ్ళింది. ఆంటీ వచ్చి, అడిగి, వాళ్ళు పంపేసరికి ఆయన కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తెరవకుండానే మరునాడు పొద్దున పోయారు. నేను నిలబడింది చూడడానికి అక్కడ అద్దం లేదు.

ఆ మధ్యాహ్నమే ఇంటి ముందు షామియానా కింద జనం ఉన్నారు. ఆంటీ వంటింట్లో ఒక్కరే, ఎందుకో కడిగిన గ్లాసులనే మళ్ళీ కడుగుతున్నారు. నేను వెళ్ళి ఆమె వెనుక నిలబడి జరిగింది చెప్పాను. మొత్తం చెప్పాను.

ఆమె నల్లా కట్టేశారు.

“ఎన్నిపార్లు అడిగిండట?”

“నర్సు రెండుసార్లు అన్నట్టు చెప్పింది ఆంటీ. అంతకుముందు ఎన్నిసార్లో తెలియదు. నేను చెప్పి ఉండాల్సింది.”

“నువ్వు చెప్తే ఊకోకపోతుండె బిడ్డా. నేనే చెప్పాలె ఆయనకు.” చేతులు కొంగుకు తుడుచుకున్నారు. “ఇనకుంటనే పోయిండన్నట్టు. ఇది రెండోపారి.”

నన్ను కోప్పడలేదు, ఓదార్చలేదు. గ్లాసులు బోర్లించి బయటకు వచ్చారు.

సమాధుల తోటకు తీసుకెళ్ళడానికి చర్చి వ్యాను వచ్చింది. నడిపేది డిపోలో అంకుల్‌తో పనిచేసి రిటైరైన ఆయన. పెట్టె వెనుక పెట్టారు. బంధువులు ఆంటీని ముందు సీటు వైపు నడిపించారు.

“నేను ముందట కూసోను,” అన్నారు ఆమె.

వెనుక పెట్టె పక్కన సన్నటి బల్ల ఉంది. ముందుగా పెట్టెను పట్టి ఉంచే కొక్కెం సరిగ్గా పడిందో లేదో లాగి చూశారు. తర్వాత ఎక్కారు. నన్ను కూడా ఎక్కమన్నారు. డ్రైవరు ముందు నుంచి, “వదినా, పోనిద్దునా?” అని అడిగారు. ఆంటీ పెట్టె తలవైపుకు జరిగి, దాని మీద అరచెయ్యి ఆనించి వంగారు. సిటీ బస్సులో ఆఖరి సీటు దాకా వినబడే గొంతు కాదది. పక్కనే ఉన్న నాకు మాత్రం వినబడింది.

“ఎక్కిన. పోనియ్యి.”

తర్వాత రేకు మీద రెండు దెబ్బలు కొట్టారు. వ్యాను కదిలింది. వెనుక అద్దంలోంచి మా వీధి, షామియానా, వాళ్ళ గేటు చిన్నవవుతూ పోయాయి. గేటు పక్కన స్కూటరు నిలబెట్టి ఉంది. దాని రెండు అద్దాలకు రెండు హెల్మెట్లు తగిలించి ఉన్నాయి.