ఆదివారం నీళ్ళ ఒప్పందం

ఇప్పుడు చెబితే మా పిల్లలు నమ్మరు గానీ, ఆ రోజుల్లో బడి ఉందో లేదో పొద్దున్నే టీవీ పెడితే తప్ప తెలిసేది కాదు. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న కాలం. ఒకరోజు బంద్, ఒకరోజు రాస్తారోకో, ఇంకోరోజు వంటావార్పు. (నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి వండుకు తినడం కూడా నిరసనేనని అప్పుడే తెలిసింది. మన్సూరాబాద్‌లో మా వెనక సందు వాళ్ళు వండిన నిరసనను నేను రెండుసార్లు తిన్నాను, పులిహోర బాగుంది.) పెద్దవాళ్ళంతా రాష్ట్రం కోసం కొట్లాడుతుంటే, ఏడో తరగతి చదువుతున్న నేను మాత్రం లెక్కల సారు చేతిలోని చెక్క స్కేలు నుంచి విముక్తి కోసం ఎదురు చూస్తుండేదాన్ని.

మాది పోచంపల్లి పక్క నేత కుటుంబం. నాన్నకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం ఉండేది. నేను నడక నేర్చిందే ఆ దుకాణం తెల్లపరుపు మీద. చీర నచ్చిన సంగతి ముఖంలో కనబడనివ్వకూడదని, నష్టానికి ఇస్తున్నామని చెప్పేటప్పుడు చూపు కిందికి దించాలని, బేరం తెగకపోతే కొనేవాళ్ళు లేచి మూడో మెట్టు దాకా దిగాలని, నాలుగోది దిగితే నిజంగానే వెళ్ళిపోవలసి వస్తుందని నాకు అక్షరాల కంటే ముందే తెలుసు. అమ్మ దీనికి పూర్తిగా వేరు. ఆమె నల్లగొండ వైపు క్రైస్తవుల బిడ్డ, పెళ్ళికి ముందు బడిలో టీచరు. (నాన్న పెళ్ళికి ముందే బాప్తిస్మం తీసుకున్నాడు. నీళ్ళలోంచి లేస్తూ ఆయన అన్న మొదటి మాట "అబ్బ, సల్లగున్నయ్" అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.) కూరగాయల బండివాడు చెప్పిన ధర చెప్పినట్టే ఇచ్చి, పైగా వాడి పిల్లల క్షేమం అడిగి వచ్చే మనిషి అమ్మ.

ఒకనాడు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో మా బడి బస్సు మూడు గంటలు ఆగిపోయింది. ముందు టైర్లు తగలబడుతున్నాయి, వెనక లారీలు. అమ్మ ఇంటి నుంచి నడిచి వచ్చి, ఆ పొగలో బస్సు బస్సు వెతుక్కుంటూ నన్ను పట్టుకునేసరికి, నేను కిటికీలోంచి జామకాయలమ్మే ఆమెతో బేరం చేస్తున్నాను. అమ్మ ఏడ్చింది. నాకెందుకో అర్థం కాలేదు. బేరం నాకు లాభంగానే వస్తోంది.

ఆ మర్నాటి నుంచి బడి మా మేడ మీదకు మారింది. ఖాళీ రంగు డబ్బాల్లో మట్టి నింపి అమ్మ వంగ, టమాట, బెండ పెట్టింది. పురుగు రాకుండా చుట్టూ బంతి, మూలన ఒక మందారం. గింజలు నాటితే సైన్సు, వాటిని లెక్కపెడితే గణితం, బైబిల్లో విత్తేవాడి ఉపమానం చదివితే వాక్యం. పొద్దున ప్రార్థనతో మొదలై పాదులకు నీళ్ళతో ముగిసేది మా బడి. స్కేలు లేదు, బస్సు లేదు. ఇంతకంటే మంచి రాష్ట్రం నాకు అక్కర్లేదనిపించింది.

నాన్నకు మాత్రం నమ్మకం కుదరలేదు. "సాంపిల్ సూపకుంట సరుకు ఎవ్వలు కొంటరు?" అన్నాడు. "ఈస్టర్ నాడు మన మేడ మీది వంకాయలతోని ఇంటిల్లిపాది కడుపునిండ తినాలె. తింటిమా, జూన్ల గూడ పిల్ల ఇంట్లనే సదువుతది. లేదా, బడికి పోతది. మాట మాటే."

"దేవుడు సూసుకుంటడు," అంది అమ్మ.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆదివారం దేవుడి విశ్రాంతి దినం, మా ఇంట్లో పని లేదు. అన్నం కూర శనివారం సాయంత్రమే వండి పెట్టేది అమ్మ. పొయ్యి వెలిగేది కాదు, చీపురు కదిలేది కాదు, మొక్కలకు నీళ్ళు పోయడం కూడా పనే కాబట్టి ఆ చెంబూ కదిలేది కాదు. జనవరిలో పర్వాలేదు. ఫిబ్రవరి చివరికి వచ్చేసరికి కాంక్రీటు మేడ పెనంలా కాలేది, రంగు డబ్బాల్లో మట్టి మధ్యాహ్నానికే బీటలు వారేది. ఒక సోమవారం రెండు వంగ మొక్కలు తలలు వాల్చేశాయి. అమ్మ వాటి పక్కన మోకరించి ప్రార్థన చేసింది. నేను కూడా కళ్ళు మూసుకున్నాను గానీ, నాకు కనబడింది స్కేలు.

మా మేడకూ పక్కింటి మేడకూ మధ్య మోకాలెత్తు పిట్టగోడ. ఆ పక్క ఉండేది రాజమండ్రి ఆంటీ. మా చర్చిలో ఆడవాళ్ళు పూలు పెట్టుకోరు కాబట్టి మా బంతిపూలు చెట్టు మీదే ఎండిపోయేవి, ఆంటీ రోజూ బట్టలు ఆరేసుకుంటూ వాటిని చూసి నిట్టూర్చేది.

"ఎంత పాపమే పిల్లా, బంగారంలాంటి పూలు! ఈ బందులవీ వచ్చాక పూలబ్బాయి వీధిలోకి రావడమే మానేశాడు. మా దేవుడికి ప్లాస్టిక్ దండ వేస్తున్నా. ఆయనేమీ అనడనుకో, నాకే ముఖం చెల్లట్లేదు."

నాకు రెండు కష్టాలు పక్కపక్కన కనబడ్డాయి. దుకాణంలో పెరిగిన పిల్లకు ఇక వేరే ఆలోచన ఎట్లా వస్తుంది?

"పూలు మీరే తెంపుకోండ్రి ఆంటీ. ఆదివారం మేం చర్చికి పోయినప్పుడు మా చెట్లకు నీళ్ళు పొయ్యాలె. ఆరు బకెట్లు."

"ఆరా! నా మోకాళ్ళు చూసే మాట్లాడుతున్నావా? మూడు."

నేను లేచి మా మెట్లు దిగడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు.

"ఆగవే! నాలుగు. మందారాలు కూడా నావే."

"మందారాలు దినం తప్పించి దినం."

"ఎవరి కూతురివే నువ్వు!" అంది ఆంటీ. (నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను.)

ఈ ఒప్పందంలో పాపమేమైనా ఉందా అని ఆ రాత్రి పడుకునే ముందు నిజాయితీగానే ఆలోచించాను. పని చేసేది నేను కాదు. చేసే ఆంటీకి ఆదివారం నియమం లేదు. వంగ మొక్కకు ఏ మతమూ లేదు. మూడు వైపుల నుంచీ చూసి సరేననుకున్నాను. నాలుగో వైపు చూడలేదు.

నాలుగో వైపున అమ్మ ఉంది. మార్చి ఎండల్లో ఊరంతా వాడిపోతుంటే మా మొక్కలు ప్రతి సోమవారం నవనవలాడుతూ కనబడటం అమ్మ గమనించింది. గమనించి ఊరుకునే మనిషి కాదు కదా. ఒక ఆదివారం చర్చిలో, దిల్‌సుఖ్‌నగర్‌లో చెప్పుల దుకాణం పైనున్న మా చిన్న హాల్లో, సాక్ష్యం చెప్పడానికి లేచి నిలబడింది. "ఏడు ఆదివారాలసంది మా చెట్లకు ఒక్క చెంబెడు నీళ్ళు పొయ్యలే. ఒక్క ఆకు వాడలే. దేవుడు నా ఇంటి బడిని నిలవెడుతున్నడు," అని కళ్ళు తుడుచుకుంది. అందరూ హల్లెలూయ అన్నారు. నేను తలెత్తి ఫ్యాను చూస్తూ కూర్చున్నాను. మగవాళ్ళ వరసలోంచి నాన్న నా వైపు చూశాడు. ఉతికితే రంగు పోయే చీరను పోల్చుకునే చూపు అది.

అప్పుడే చెప్పేయాల్సింది. కానీ ఈస్టర్‌కు ఇంకా రెండు వారాలే ఉంది, వంగ మొక్కలకు పిందెలు దిగాయి. ఒప్పుకోవడం ఈస్టర్ తర్వాత పెట్టుకుందామని దేవుడికి వాయిదా చెప్పాను.

ఆ వచ్చేది ఈస్టర్‌కు ముందు వారం, మట్టల ఆదివారం. ఆ రోజు హైవే మీద రాస్తారోకో, దిల్‌సుఖ్‌నగర్ వైపు బస్సులు లేవు. మన్సూరాబాద్ చుట్టుపక్కల విశ్వాసులంతా మా ఇంట్లోనే ఆరాధనకు కూడాలని, అందులోనూ దేవుడు కాపాడిన ఆ మొక్కల దగ్గరే కూర్చుందామని అయ్యగారు (మా పాస్టరు గారు) శనివారం సాయంత్రం ఫోను చేశారు. రేపు నీళ్ళు పోయొద్దని చెప్పడానికి నేను పిట్టగోడ దగ్గరికి పరిగెత్తాను. ఆంటీ ఇంటికి తాళం. అల్మాస్‌గూడలో చెల్లెలింటికి వెళ్ళిందట. పొద్దున చెప్పొచ్చనుకుంటే, పొద్దున అమ్మ నన్ను చాపల దగ్గర నుంచి కదలనివ్వలేదు.

పదింటికి ఇరవై మంది మేడ మీద కూర్చున్నారు. ఎండ పడకుండా మొక్కలకూ మాకూ మధ్య తీగ మీద రెండు దుప్పట్లు కట్టాం. అయ్యగారు విశ్రాంతి దినం గురించి చెబుతున్నారు. చెట్లకు సైతం విశ్రాంతి ఇచ్చిన తల్లిని చూడండి అంటుండగా, దుప్పటి అవతల నీళ్ళు పోస్తున్న చప్పుడు మొదలైంది. బకెట్టు కింద పెట్టిన చప్పుడు. మళ్ళీ నీళ్ళు. అయ్యగారు ఆగారు. ఎవరో ఆకాశం వైపు చూశారు.

దుప్పటి వెనక నుంచి గొంతు వినిపించింది. "ఏమే పిల్లా, ఉన్నావా? మాటలు వినబడుతున్నాయి. ఇవాళ ఎండకి నాలుగు చాలక ఐదు బకెట్లు పోశానే. ఆ ఐదోదానికి మందారాలు రెండు ఎక్కువ కోసుకుంటున్నా, మళ్ళీ గొడవ పెట్టకు!"

నాన్న లేచి దుప్పటి తొలగించాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, ఒక చేత పూలబుట్ట, ఒక చేత చెంబుతో ఆంటీ. ఆమె ఇరవై మందిని చూసింది. ఇరవై మంది ఆమెను చూశారు.

మొదట మాట్లాడింది నాన్నే. "ఎన్ని బకెట్లకు మాట్లాడినవ్ బిడ్డా?"

"నాలుగు."

"ఆరు అనాలె."

"ఆరు అనే మొదలువెట్టిన."

నాన్న తల పంకించాడు. అమ్మ మా ఇద్దరి వైపూ చూసిన చూపు ఇక్కడ రాయను.

అయ్యగారు నెమ్మదస్తులు. ఎవరినీ నొప్పించకుండా సర్దాలనుకున్నారు. "అమ్మా, ఆజ్ఞ ప్రకారం ఇంటివాళ్ళే కాదు, వాళ్ళ గడప లోపలున్న పరదేశి కూడా ఈ రోజు విశ్రాంతి తీసుకోవాలి," అన్నారు ఆంటీతో.

ఆంటీ చెంబు కింద పెట్టింది. "పరదేశా? ఎవరండీ పరదేశి? మేం ఇక్కడికొచ్చి పందొమ్మిదేళ్ళయింది. ఈ సందులో మొదటి బోరు మాది. రోడ్డు మీద వాళ్ళు పొమ్మంటున్నారు, సరే. మేడ మీద కూడానా?"

"అయ్యో, నా ఉద్దేశం అది కాదమ్మా. నాదీ గుంటూరే," అన్నారు అయ్యగారు కంగారుగా.

"అయితే ఇద్దరం కలిసే పోదాం పదండి," అని పూలబుట్ట పిట్టగోడ మీద పెట్టేసి వెళ్ళిపోయింది. నవ్వదగ్గ మాటే. ఎవరూ నవ్వలేదు.

అమ్మ లేచింది. ఆరాధన మధ్యలో అమ్మ లేవడం నేను అంతకు ముందు చూడలేదు. పూలబుట్ట తీసుకుని, చీర కుచ్చెళ్ళు ఒక చేత ఎత్తి పట్టుకుని పిట్టగోడ దాటింది. ఆంటీ వాళ్ళ మెట్ల తలుపు దగ్గర నిలబడి మాట్లాడిందంతా మాకు వినబడింది.

"అక్కా, పూలు మర్సిపోయిన్రు."

"నాకొద్దమ్మా."

"ఎనిమిది ఆదివారాలు నా చెట్లను బతికిచ్చిన్రు. నేను చర్చిల నిలవడి దేవుని పేరు చెప్పిన, మీ పేరు చెప్పలే. నాకు తెల్వదక్కా. వచ్చే వారం చెప్త."

తర్వాత ఆంటీ గొంతు: "కాఫీ తాగుతావా? మీకు ఆదివారం కాఫీ కూడా పనేనా?"

"తాగుడు పని గాదక్కా. చేసుడు పని."

"చేసేది నేనులే, రా."

ఆ రోజు ముగింపు ప్రార్థన అరగంట ఆలస్యమైంది. అయ్యగారు గడియారం చూసుకోకుండా కూర్చున్నారు.

ఈస్టర్ నాడు చర్చిలో అమ్మ అన్నమాట ప్రకారం సాక్ష్యం దిద్దుకుంది. దేవుడి పేరు తర్వాత రాజమండ్రి ఆంటీ పేరు, ఆ తర్వాత బకెట్ల సంఖ్య చెప్పింది. హల్లెలూయ కాస్త సన్నగా వచ్చింది. మధ్యాహ్నం గుత్తి వంకాయ. ఆంటీ కూడా మాతోనే తింది, ఉప్పు తక్కువైందని చెప్పింది. నాన్న చెయ్యి కడుక్కుని, "కడుపునిండ తిన్న. మాట మాటే. నువ్వు గెలిసినవ్," అన్నాడు.

నా ఊపిరి అప్పుడే బయటకు వచ్చింది. అమ్మ దాన్ని మళ్ళీ లోపలికి పంపింది.

"గెల్వలే," అంది. "ఆదివారం నీళ్ళు అక్కవి. దొంగ సాంపిల్ సూపి సరుకు అమ్మమంటవా? పిల్ల జూన్ల బడికి పోతది."

దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరికీ తగ్గని మా నాన్న తువ్వాలు తీసుకుని చేతులు తుడుచుకోసాగాడు. నేనే బేరానికి దిగాను. "వారంల ఆరు రోజుల నీళ్ళు మనయే గద అమ్మా. ఆరు రోజులు ఇంట్ల, ఒక్క రోజు బడి..." అమ్మ ఎంగిలి గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళింది. మూడో మెట్టు మీద ఆగే మనిషిలా లేదు.

జూన్ మొదటి రోజు రెండు జడలూ అమ్మే వేసింది. ఆ నెలల్లో మేడ మీద అమ్మ గంట పాఠమంటే నేను పది నిమిషాలనేదాన్ని, అమ్మ పదిహేనుకే ఒప్పుకునేది. బేరం రాని అమాయకురాలని జాలిపడేదాన్ని. పెళ్ళయ్యాక బడి మానేసిన టీచరుకు ఇన్నేళ్ళకు దొరికిన ఏకైక తరగతి నేనేనని, ఆ తరగతి లేచి వెళ్ళిపోకుండా ఉండటానికి ఆమె ఎంతకైనా దిగేదని, జడకు రిబ్బను బిగిస్తున్న ఆమె చేతులు ఆగిపోయినప్పుడు కొంచెంగా అనిపించింది. సందు మలుపులో బస్సు హారన్ వినబడింది.

"అమ్మా, శనివారం శనివారం నాకు పాఠం చెప్తవా?" అన్నాను.

"ఎంతసేపు?"

"గంట."

"అరగంట," అంది అమ్మ, నా వెనక నిలబడి, ముఖం కనబడనివ్వకుండా.

"గంటన్నర," అన్నాను నేను.

"జర ఆలోచిస్త," అని, అంతలోనే "సరే," అంది.

గంటన్నరకు ఒప్పించానని బస్సులో సీటు దొరికేదాకా ఎంత గర్వపడిందో ఆ రెండు జడల పిల్ల. ఆ బేరంలో ఎవరు ఎవరిని ఒప్పించారో తెలియడానికి పాపం, దానికి తన సొంత పిల్లలు పుట్టి, వాళ్ళ పక్కన పుస్తకం పట్టుకుని కూర్చోవలసి వచ్చింది.