చుక్కలు యాభై రెండు, సున్నాలు నాలుగు

పోయిన గురువారం మా వదినగారు, అంటే మావారి అక్కగారు, ఎనభై రెండో ఏట మా ఇంటికి వచ్చి, కిటికీ వెలుతురులో కూర్చుని, పట్టకారు నా చేతిలో పెట్టి, గడ్డం కింద మొలిచిన తెల్ల వెంట్రుకలు తన కంటికి ఆనడం లేదు, కాస్త పీకి పెట్టమన్నారు. ఏడు పీకాను. పీకుతున్నంతసేపూ 1998వ సంవత్సరమే గుర్తొచ్చింది, జాలి మాత్రం రాలేదు.

అప్పుడు పెద్దాపురంలో ఉండేవాళ్ళం. మా అమ్మాయి ఇంటర్మీడియట్ రెండో ఏడు. పై పెదవి మీది నూగు ముదిరి నల్లబడి, చెంపల మీదుగా గడ్డం కిందికి దిగింది. మరిడమ్మ జాతరకు వచ్చిన వదినగారు భోజనాల దగ్గర, వడ్డిస్తున్న పిల్లని తేరిపార చూసి, "కొడుకు లేడని ఇంకా బెంగెందుకే, దీనికే మీసాలొచ్చాయిగా!" అన్నారు నాతో. పంక్తంతా నవ్వింది. మావారూ నవ్వారు. పిల్ల పప్పు గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా అది నవ్వగా నేను చూడలేదు.

తప్పు నాదని తేల్చింది కూడా ఆవిడే. పసితనంలో సెనగపిండితో సరిగ్గా నలుగు పెట్టి ఉంటే నూగు అప్పుడే రాలిపోయేదట. ఎదురు మాట్లాడవలసిన నేను, ఆ తప్పు దిద్దుకుంటున్నట్టు, ప్రతి ఆదివారం సున్నిపిండిలో కస్తూరి పసుపూ మీగడా కలిపి దాని ముఖానికి పట్టించి, ఆరాక ఎదురు రుద్దేదాన్ని. కమిలి రసి కారినా, "చాలమ్మా, మంట" అని ఏడ్చినా ఆపలేదు. రుద్దిన రోజున క్యాలెండర్లో చుక్క పెట్టేదాన్ని. వ్రతాలకీ తద్దినాలకీ ఇబ్బంది రాకూడదని, ఇంట్లో ఆడవాళ్ళు ఎవరు బయట చేరినా అదే క్యాలెండర్లో ఆ తేదీకి సున్నా చుట్టడం మా అత్తగారి నాటి అలవాటు. నాది నీలం సిరా, పిల్లది ఎరుపు. పిల్ల నెలల తరబడి బయట చేరేది కాదు. మేము సంతోషించాం. శ్రావణ శుక్రవారాలకీ అట్లతద్దికీ అడ్డు రాని పిల్ల అని వదినగారు కూడా మెచ్చుకున్నారు. ఆవిడ దాన్ని మెచ్చుకున్నది ఆ ఒక్క విషయానికే.

ఏడాది తిరిగేసరికి ముఖం పుండు పడింది. కాకినాడలో ఒక డాక్టరమ్మగారి దగ్గరికి తీసుకెళ్ళాను, రుద్దిన రోజుల లెక్క చూపించాలని రెండు క్యాలెండర్లూ సంచిలో పెట్టుకుని మరీ. ఆవిడ పిల్ల ముఖం చూసి నెలసరి తేదీలు అడిగారు. గర్వంగానే తీసి ఇచ్చాను. చుక్కలు యాభై రెండు. ఎర్ర సున్నాలు నాలుగు.

"ఇంత శ్రద్ధగా రాశారు కదండీ, ఒక్కసారైనా చదివారా?" అన్నారావిడ.

లోపం ఒంట్లో ఉంటే ముఖాన్ని రుద్దారని చెప్పి మందులు రాశారు. తేదీలు దారిన పడ్డాయి. వెంట్రుకలు పూర్తిగా పోలేదు, నేను రుద్దిన చోట మచ్చలూ పోలేదు.

ఇప్పుడు మా మనవరాలు, పదిహేనేళ్ళది, వీధి చివరి పార్లరుకి వెళ్ళి దారంతో తీయించుకుని అరగంటలో వచ్చేస్తుంది. తేదీ తప్పితే దాని ఫోనే చెబుతుంది. అప్పట్లో మా గోడా చెబుతూనే ఉంది, లెక్కల మనిషినని పేరు పడ్డ నేను దాని ముందే నిలబడి రోజూ తేదీ చూసుకునేదాన్ని.

ఏడోది పీకాక వదినగారు గడ్డం తడుముకుని, "నీ చెయ్యి మెత్తనే" అన్నారు. పక్కగదిలో కూతురు చెప్పిన దేనికో మా అమ్మాయి నవ్వింది. నలభై నాలుగేళ్ళ మనిషి. నేను తల తిప్పి చూడలేదు. చెయ్యి ఎక్కడుంటుందో నాకు తెలుసు.