బాపు నడుము, అవ్వ చెయ్యి

మా బాపు నడుము నొప్పికి నలభై ఏళ్ల చరిత్ర ఉంది. బోధన్ దగ్గర మా పొలంలో చెరకు పండించిన రోజుల్లో మోపులన్నీ ఎడమ భుజం మీదికే ఎత్తుకుని బండికి చేర్చేవాడు. తర్వాత చెరకు మానేసి వరికి మారాం కానీ, నొప్పి మాత్రం మారలేదు. పొద్దుగూకేసరికి బాపు మంచం మీద బోర్లా పడుకునేవాడు. మా అమ్మ నువ్వుల నూనె వెచ్చజేసి ఎడమవైపు రుద్దేది. నాన్నను మేం బాపు అని, అమ్మను అవ్వ అని అంటాం. "మెల్లగనే" అని ఆయన, "పసిపోరగాని కన్న అధ్వాన్నమైనవ్" అని ఈమె, రోజూ ఇదే తగవు.

పోయిన ఏడాది బాపుకు ఛాతీలో నొప్పి వస్తే నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రికి తీసుకొచ్చాను. గుండె రక్తనాళం ఒకటి పూడుకుపోయిందని చెప్పి, పొద్దున్నే స్టెంట్ వేశారు. మామూలుగా మణికట్టు దగ్గరి నుంచి వేస్తారట. బాపు చేతి నాళం అనుకూలించక, కుడివైపు గజ్జల దగ్గరి నుంచి గొట్టం పంపారు. స్టెంట్ మూసుకుపోకుండా రక్తం పలచబడే మందులు ఇచ్చామని, కుడికాలు కదపకుండా వెల్లకిలా పడుకోవాలని చెప్పారు. అంతా బాగా జరిగిందనగానే నేను చుట్టాలందరికీ ఫోన్లు మొదలుపెట్టాను.

మధ్యాహ్నం దాటాక బాపు నడుము నొస్తుందన్నాడు. సిస్టర్ వచ్చి దుప్పటి తీసి గజ్జల దగ్గరి కట్టు చూసింది. ఒక్క చుక్క రక్తం లేదు, వాపు లేదు. "కదలకుండ పండుకుండ్రు గదా అంకుల్, నడుము పట్టేస్తది" అంది. నాకూ సబబుగానే తోచింది.

మంచం పక్కనే కూర్చున్న అవ్వ మాత్రం అలవాటు కొద్దీ బాపు నడుము కిందికి చెయ్యి పోనిచ్చి, వెంటనే వెనక్కి తీసుకుంది.

"గిది ఆయన నొప్పి కాదు" అంది. "ఆయనది ఎడమదిక్కు. గిప్పుడు కుడిదిక్కు ముట్టంగనే ఉలిక్కిపడ్డడు. ఒళ్లు సూడు, సల్లటి చెమట పట్టింది."

"ఊకో అవ్వా. డాక్టర్ల కన్న నీకెక్కువ ఎర్కనా?" అన్నాను.

నేను బళ్లో జీవశాస్త్రం చెప్తాను. ఇరవై ఏళ్లుగా బోర్డు మీద గుండె బొమ్మ గీస్తున్న మనిషిని. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

"నేను మంచిగనే ఉన్న" అన్నాడు బాపు.

"నిన్నెవలు అడిగిండ్రు?" అని అవ్వ లేచి, నేరుగా సిస్టర్ టేబుల్ ముందుకు పోయి నిలబడింది. "బిడ్డా, నాకు సదువు రాదు. గాయన నడుము మాత్రం నలభై ఏండ్ల సంది నా చేతులనే ఉంది. ఒక్కసారి వచ్చి సూడు. ఏం లేకుంటే నన్ను తిట్టు."

ఆ అమ్మాయి విసుక్కోవచ్చు. విసుక్కోలేదు. రాస్తున్న కాగితాలు అక్కడే వదిలేసి వచ్చి బీపీ చూసింది. మళ్లీ చూసింది. బీపీ బాగా పడిపోయింది, నాడి పరుగెడుతోంది. ఆమె కేకకు డాక్టర్ పరుగున వచ్చి పొత్తికడుపు కుడివైపు నొక్కితే, ఎప్పుడూ మూలగని మా బాపు మూలిగాడు. అట్నుంచి అటే స్కానింగ్‌కు తీసుకుపోయారు.

గొట్టం పెట్టిన చోటికి కాస్త పైన నాళం చిల్లుపడి, రక్తం కడుపు వెనక, నడుము వైపు చేరుతోందట. బయటికి చుక్క కనపడదట. చాలా అరుదట. స్టెంట్‌ను కాపాడే మందులే ఆ కారడాన్ని ఆగనివ్వలేదట. రక్తం ఎక్కిస్తూ, ఆ చిల్లును లోపలి నుంచే మూయడానికి బాపును మళ్లీ లోపలికి తీసుకుపోయారు. బాపు ఇక దక్కడేమో అనిపించింది. అవ్వ పక్కన కూర్చోవడానికి మొహం చెల్లక గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"నిలవడి ఏం జేస్తవ్, కూసో" అంది అవ్వ. పక్కకు జరిగి చోటిచ్చింది. మా అవ్వ అంత పెద్ద మనసు నాకు రాలేదు, ఇక రాదు కూడా.

చాలాసేపటికి డాక్టర్ బయటికొచ్చి రక్తం ఆగిందని చెప్పాడు.

నాలుగో రోజు ఆయన రౌండ్స్‌కు వచ్చి, "నొప్పి ఎలా ఉంది?" అని బాపును అడిగాడు.

"ఏం లేదు సార్, మంచిగున్న."

డాక్టర్ కాగితం మీద ఏమీ రాయలేదు. అవ్వ వైపు తిరిగాడు. "అమ్మా, మీరొకసారి చూసి చెప్పండి."

అవ్వ చేతులు కడుక్కొచ్చి, బాపు నడుము కింద చెయ్యి పెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా తడిమింది.

"గిది మాదే సార్" అంది. "పాతదే."

డాక్టర్ అప్పుడు రాసుకున్నాడు.