క్లచ్ పోయిన కారులో మొగుళ్లపల్లి పెళ్లికి

పంతులు లేని పెళ్లి జరిపించడానికి జనగామ నుంచి మొగుళ్లపల్లి బయలుదేరాను. ఇలాంటి పెళ్లిళ్లు చేయించడం నాకు కొత్త కాదు. ఈసారి మాత్రం పెళ్లికూతురు లావణ్య మేనమామ ఒక షరతు పెట్టాడు. "మీ సార్ పన్నెండు లోపల వస్తే సరే. రాకుంటే పంతుల్ని పిలుస్త." ముహూర్తాలను జీవితమంతా తిట్టిన నాకే ఆయన ముహూర్తం పెట్టాడు!

ఉదయం ఆరున్నరకు రైలెక్కాను. ఎదుటి సీట్లో ఉన్న అక్క నేను దిగేది మహబూబాబాద్‌లో అని విని ఆశ్చర్యపోయింది. "మొగుళ్లపల్లికైతే కాజీపేటల దిగి, హన్మకొండకు పోయి పరకాల బస్సెక్కాలె గదా అన్నా. ఇటెందుకు తిరుగుతున్నవ్?" మిత్రుడు భాస్కర్ తన కారులోనే తీసుకుపోతానని పట్టుబట్టాడు, అంతే.

మహబూబాబాద్‌లో దిగేసరికి ఎనిమిదిన్నర. భాస్కర్ కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. వచ్చిన డబ్బుతో పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కొని, ఏడాదిగా దాని కిందే పడుకుంటున్నాడు. అతని భార్య సుజాత హైస్కూల్లో ఫిజిక్స్ టీచరు, ఆమె కూడా పెళ్లికి బయలుదేరి ముందు సీట్లో కూర్చుంది. వెనక ఇరుకు సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించి నేను కూర్చున్నాను.

"గీ క్లచ్‌కు తీగ ఉండదు. పెడల్ తొక్కితే పైపుల నూనె తోస్తది, ఆ నూనె కింద క్లచ్‌ను విడదీస్తది. రబ్బరు వాషర్లన్నీ కొత్తయి వేసిన," అన్నాడు భాస్కర్ గర్వంగా.

నర్సంపేటలో ఇడ్లీ తిన్నాం. ఆ దారిన వెళ్లేవారు అక్కడే తినడం మంచిది. ఊరు దాటిన కాసేపటికి పెడల్ నేలకంటింది. గేరు గరగరమంది, పడలేదు. రోడ్డు పక్కన పత్తిచేను దగ్గర ఆపి బానెట్ ఎత్తాం. క్లచ్ నూనె డబ్బా నిండుగా ఉంది. కింద చుక్క కూడా కారలేదు. బయటికి పోయింది ఏమీ లేనప్పుడు బలం ఎక్కడికి పోయినట్టు? ముగ్గురం బానెట్ కిందికి వంగి వెతికాం.

అప్పుడు నాకు కనపడింది. నూనె డబ్బా మూత మీద ఎండి గట్టిపడిన పసుపు, దాని మీద కుంకుమ. మూత నడుమ సూదిమొనంత రంధ్రం ఉంటుందనీ, డబ్బాలోకి గాలి ఆడేది దానిలోంచేననీ భాస్కర్ చెప్పాడు. అది పూర్తిగా పూడిపోయింది.

"దసరాకు నేనే పెట్టిన," అంది సుజాత.

ఇక నన్ను ఆపేదెవరు? యంత్రానికి బొట్టు పెట్టే దేశం యంత్రాన్ని ఎప్పటికీ కనిపెట్టలేదని మొదలుపెట్టాను. ఫిజిక్స్ చెప్పే చేత్తోనే పసుపు పూస్తారా అని నిలదీశాను. భాస్కర్ పిన్నీసుతో రంధ్రం పొడిచాడు. నాలుగుసార్లు గబగబా తొక్కితే పెడల్ కొంచెం లేచింది.

"జర ఆగు, పైపుల చేరిన గాలి తీసి పోదాం," అన్నాడతను.

"కారణం దొరికింది గదా, పద!" అన్నాను.

రెండు ఊళ్లు దాటకముందే పెడల్ మళ్లీ పడుకుంది. మూత శుభ్రంగా ఉంది, రంధ్రం తెరిచే ఉంది. నాకేమీ అర్థం కాలేదు. కారణం తొలగితే ఫలితం తొలగాలి కదా!

"నా బొట్టు తీసినవ్ సరే అన్నా. గాలి ఆడక డబ్బాల పీడనం తగ్గింది, వాషర్ల సందులనుంచి పైపులకు గాలి జొచ్చింది. నూనె నొక్కుకపోదు, గాలి నొక్కుకపోతది. లోపలి గాలిని నీ ఉపన్యాసం తీస్తదా?" అంది సుజాత.

భాస్కర్ కారు కిందికి దూరి, గాలి తీసే నట్టుకు గొట్టం తగిలించి, దాని చివర నూనె సీసాలో ముంచి, నట్టు వదులు చేశాడు. సుజాత పెడల్ దగ్గర, నేను పైన నూనె పోస్తూ. "తొక్కు!" "తొక్కిన!" "పట్టు!" "పట్టిన!" గొట్టం చివర సీసాలో బుడగలు వస్తూనే ఉన్నాయి. అవి ఆగాక బయలుదేరాం. క్లచ్ చక్కగా పనిచేసింది. గడియారమే ముందుకు పోయింది.

మొగుళ్లపల్లి చేరేసరికి ఒకటిన్నర. పందిట్లో జనం భోజనాలు చేస్తున్నారు. అయిపోయింది, పంతులు వచ్చి వెళ్లాడనుకున్నాను. మెడలో దండతో లావణ్య ఎదురొచ్చింది. "పన్నెండు కాంగనే మామ పంతులుకు ఫోన్ కలిపిండు సార్. ఆయన మాట్లాడుతుండంగనే మేం దండలు మార్చుకున్నం. ప్రమాణాలు కూడ మేమే చదివినం."

మేనమామ నా చేయి పట్టుకున్నాడు. నాకు గడువు పెట్టిన మనిషే ఇప్పుడు నన్ను బతిమాలుతున్నాడు. "పంతులు లేడు, మీరూ లేరు. గిదేం పెండ్లి సార్? మీ చేతుల మీదన్న మళ్లొకసారి చేయుండ్రి."

నా జేబులో ఉపన్యాసం సిద్ధంగా ఉంది. పందిరంతా నా వైపు చూస్తోంది. లావణ్య కూడా చూస్తోంది, కొంచెం భయంగా.

"అయిన పెళ్లిని మళ్లీ చేయడమెందుకు? అన్నం పెట్టించండి," అన్నాను.

తిరుగు ప్రయాణం పరకాల మీదుగా బస్సులో, కాజీపేట నుంచి రైల్లో. కిటికీ పక్కన సీటు దొరికింది. పెళ్లి జరిపించడానికి పంతులే కాదు, ఏ మధ్యవర్తీ అక్కర్లేదని ఇన్నేళ్లు ఊరూరా చెప్పాను. ఆ మాటను అక్షరాలా నమ్మిన ఇద్దరు మొదటిసారి కనిపించారు. సంతోషించాలి. సంతోషంగానే ఉన్నాననుకుంటాను. మరి ఆ పందిట్లో నిలబడి రెండు మాటలైనా చెప్పలేదే అని రైలు జనగామలో ఆగేదాకా ఎందుకు బాధపడ్డానో నాకే తెలియదు.