కిటికీ సీటు మీద తువ్వాలు

మా మేనత్త దుర్గాంబ చేసిన ఆఖరి మామూలు పని, జగ్గయ్యపేట బస్టాండులో విజయవాడ బస్సు కిటికీలోంచి లోపలికి తువ్వాలు విసరడం. గురి తప్పలేదు. మూడో వరసలో కిటికీ పక్క సీటు మీద పడింది. ఇక ఎక్కడమే తరవాయి అనగా, ఆయాసంగా ఉందంటూ సిమెంటు బల్ల మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు. ఆ హడావిడిలో తువ్వాలు ఎవరికీ గుర్తు రాలేదు. ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు, బస్సు తన దారిన తను వెళ్ళిపోయింది. కిక్కిరిసిన ఆ బస్సులో ఆ ఒక్క సీటూ విజయవాడ దాకా ఖాళీగానే వెళ్ళిందట. ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు ఎవరిదో ఆ రూటులో తెలియనివాళ్ళు లేరు. దాన్ని కదిపే ధైర్యమూ ఎవరికీ లేదు.

అత్తయ్యకు ఉన్నది అదొక్కటే పిచ్చి. ఎక్కడికి వెళ్ళినా ముందు తువ్వాలు వెళ్ళేది, వెనక ఆమె. నందిగామ కోర్టులో టైపిస్టుగా పనిచేసినన్నాళ్ళూ రోజూ జగ్గయ్యపేట నుంచి బస్సులోనే తిరిగింది. ఒకసారి ఒక కుర్రాడు ఆ తువ్వాలు పక్కకు నెట్టి కూర్చున్నాడు.

"ఏంటండీ, గుడ్డ వేస్తే సీటు మీదైపోద్దా?" అన్నాడు.

"కూర్చుంటే నీదైపోద్దా మరి? కూర్చోడం ఎవడైనా కూర్చుంటాడు నాయనా. ముందు అనుకున్నదెవరు?"

కుర్రాడు ఆలోచనలో పడ్డాడు. అది తేలేలోగా అత్తయ్య అతన్ని లేపేసింది. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక రద్దీ పెరిగింది. అత్తయ్య విసురు కూడా పెరిగింది.

బస్సులతో ఆగితే బాగుండేది. నందిగామలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, ఇంకా సాంబారన్నంలో ఉన్న ఒక పెద్దమనిషి కుర్చీ వీపు మీద తువ్వాలు వేసి నిలబడింది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"నిదానంగా తినండి అన్నయ్యగారూ, తొందరేం లేదు" అంది ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకు బెదిరి ఆయన పెరుగన్నం మానేసి లేచిపోయాడు.

నా చిన్నతనంలోనే అమ్మ పోయింది. నన్ను పెంచింది అత్తయ్యే. నందిగామలో కాలేజీకి ఆమెతోపాటు అదే బస్సులో వెళ్ళేదాన్ని. తువ్వాలు రెండు సీట్ల మీదా పరుచుకునేలా విసిరేది. అది కూడా ఒక విద్యే. తర్వాత నన్ను కిటికీ వైపుకు తోసి, తను ఇవతల కూర్చుని, సంచిలోంచి దూది తీసి రెండు చెవుల్లో కుక్కుకునేది.

"నాకు గాలి పడదే. చెవిపోటు. నువ్వే కూర్చో అటు."

దూది పెట్టుకున్నాక మనం అరిచి చెప్పాలి, ఆమె అరిచి జవాబివ్వాలి. మా ఇంటి సంగతులన్నీ పేట నుంచి నందిగామ దాకా బస్సంతా వినేది.

చదువయ్యాక ఢిల్లీలో ఒక ప్రచురణ సంస్థ నుంచి నాకు ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. అత్తయ్య అప్పటికి రిటైరైంది. తనూ వస్తానంది. విమానమెక్కడం అదే మొదటిసారి.

"అపూర్వా, నాకు కిటికీ సీటు కావాలే" అంది సిగ్గుపడుతూ. "ఆ కిటికీలు తెరుచుకోవంటగా. గాలి రాదు."

తన కోసం ఆమె కిటికీ అడగడం నేను ఎప్పుడూ వినలేదు. కాస్త ఎక్కువ పెట్టి ఆమెకు కిటికీ సీటు ముందే తీసుకున్నాను. నాకు ఏదో ఒకటి వస్తుందిలే అనుకున్నాను.

అది రాలేదు. శంషాబాదులో కౌంటరు దగ్గర సింధూర అనే అమ్మాయి అత్తయ్య చేతికి బోర్డింగ్ పాసు ఇచ్చి, నా వంక జాలిగా చూసింది.

"సారీ మేడమ్. ఫ్లైట్ ఓవర్‌బుక్ అయింది. మీకు సాయంత్రం ఫ్లైట్‌లో ఇస్తాం."

ఇంటర్వ్యూ ఆ మధ్యాహ్నమే. అత్తయ్య ముందుకొచ్చింది.

"అంటే ఏందమ్మాయ్?"

"ఉన్న సీట్లకన్నా కొన్ని టికెట్లు ఎక్కువ అమ్ముతామండి. ఎప్పుడూ కొందరు రారు. ఇవాళ అందరూ వచ్చేశారు."

"మా ఆర్టీసీ వాళ్ళూ అమ్ముతారు. కానీ నిలబెట్టి తీసుకెళ్తారమ్మా, దించెయ్యరు. మా పిల్ల నిలబడుద్ది. అలవాటే."

"విమానంలో నిలబడకూడదండీ."

"ఎంతసేపులే! నాగపూర్‌లో ఎవరో ఒకరు దిగకపోరు."

"మధ్యలో ఎక్కడా ఆగదు మేడమ్!"

అత్తయ్య ఓటమి ఒప్పుకోలేదు. తువ్వాలు తీసి కౌంటరు మీద పెట్టింది. "పోనీ, దీన్ని లోపలికి పంపించి ఖాళీగా ఉన్న సీటు మీద వేయించు తల్లీ. మిగతాది నే చూసుకుంటా."

వెనక క్యూలో జనం నవ్వారు. సింధూర నవ్వలేదు. పాపం, ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎవరన్నా వాళ్ళంతట వాళ్ళు సీటు వదులుకుంటే మీ అమ్మాయికి ఇవ్వగలనండీ. ఇందాకట్నుంచీ అడుగుతున్నా. ఎవరూ ఒప్పుకోవట్లా."

అత్తయ్య చేతిలోని పాసు వంక చూసింది. నా వంక చూసింది. సంచిలో చెయ్యి పెట్టి దూది తీసి, రెండు చెవుల్లోనూ కుక్కుకుంది.

"పైకెళ్తే చెవులు పగిలిపోతాయంటగా! నాకసలే చెవిపోటు! నే రాను!" అని విమానాశ్రయమంతా వినపడేలా అరిచింది.

"అత్తా, నీ కిటికీ సీటు..."

"తెరుచుకోని కిటికీ కూడా ఒక కిటికీయేనటే? ఫో!"

ఆ సీటులో నేనే కూర్చుని వెళ్ళాను. ఉద్యోగం వచ్చింది. అత్తయ్య సాయంత్రం విమానం కూడా వద్దని, సూర్యాపేట మీదుగా బస్సులో ఇంటికి చేరింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అదొక పెద్ద హాస్యం. బస్సులో సీటు కోసం యుద్ధాలు చేసే దుర్గాంబ విమానం చూసి పారిపోయింది! చుట్టాలందరూ చెప్పుకుని నవ్వేవాళ్ళు. అందరికంటే బాగా చెప్పేది అత్తయ్యే. చెవులు మూసుకుని మరీ చూపించేది. మళ్ళీ తీసుకెళ్తానని నేనెన్నిసార్లు అన్నా, "అమ్మో, నా చెవులు!" అనేది.

పెద్దకర్మ రోజు ఆ బస్సు కండక్టరు రత్నమణి మా ఇంటికొచ్చింది. తువ్వాలు ఉతికి, మడత పెట్టి తెచ్చింది.

"ఆ రోజు ఒకాయన కూర్చోబోయాడండి. వద్దు బాబూ, ఆవిడ నందిగామలో ఎక్కినా ఎక్కుద్ది అని చెప్పా" అంది, కళ్ళు తుడుచుకుని నవ్వుతూ.

నేనూ నవ్వాను. "కిటికీ పక్కన ఎందుకేసిందో మరి. ఆమెకు చెవిపోటు కదా. గాలి పడదు."

"ఎవరికండీ? అమ్మగారికా?" రత్నమణి వింతగా చూసింది. "మీరు ఢిల్లీ వెళ్ళాకే నేనీ రూటులోకొచ్చా. అప్పట్నుంచీ చూస్తున్నా, ఆ సీటు తప్ప వేరేది కూర్చునేదే కాదు. అద్దం మొత్తం నెట్టేసి, మొహం గాలికి పెట్టుకుని కళ్ళు మూసుకునేది. జల్లు కొట్టినా ముయ్యనిచ్చేది కాదు. వెనక సీటోళ్ళతో ఎక్కినప్పుడల్లా గొడవేనండి."

"మరి చెవుల్లో దూది?" అన్నాను.

"దూదేందండీ?" అంది రత్నమణి.